కంప్యూటర్ పనితో కంటి ఒత్తిడి, ప్రైవేటు ఆరోగ్య బీమా: నల్గొండ, మహబూబ్‌నగర్ ఉద్యోగులు తరచుగా అడిగే ప్రశ్నలు

కలెక్టరేట్‌లో ఈ-ఆఫీసు ఫైళ్లు చూసేవారు, మీసేవ కేంద్రాల ఆపరేటర్లు, బ్యాంకు గుమాస్తాలు, జడ్చర్ల దగ్గరి పోలేపల్లి ఫార్మా కంపెనీల అకౌంట్స్ విభాగాల్లో పనిచేసేవారు, 2023లో నల్గొండలోనూ మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలోనూ మొదలైన ఐటీ టవర్లలోకి వచ్చిన యువతీయువకులు, అందరూ రోజులో ఎక్కువ భాగం తెర వైపే చూస్తూ గడుపుతున్నారు. కళ్లు మండుతున్నాయని, ఆరోగ్య బీమా ఉంది కాబట్టి ఆ ఖర్చు అందులోనే వస్తుందని వారిలో చాలామంది అనుకుంటారు. ఆ ఖర్చులో ఎక్కువ భాగం బీమాలో రాదు. ఏది రాదో, ఏది వస్తుందో తెలిస్తే ప్రీమియం డబ్బు, కళ్లు రెండూ నిలుస్తాయనే ఉద్దేశంతో ఈ ప్రశ్నలకు జవాబులు రాస్తున్నాము.

సాయంత్రానికి కళ్లు మండటం, తలనొప్పి, చూపు మసకబారడం జబ్బు కిందికి వస్తాయా?

ఇవి ఒక్క జబ్బు కాదు, ఒకే పని వల్ల కలిగే కొన్ని ఇబ్బందుల గుంపు. మామూలుగా మనిషి నిమిషానికి సుమారు 15 సార్లు రెప్పలార్పుతాడు. తెర మీద అక్షరాలు చదువుతున్నప్పుడు ఆ సంఖ్య సగానికో, అంతకంటే తక్కువకో పడిపోతుంది, ఆర్పినప్పుడు కూడా రెప్పలు పూర్తిగా మూసుకోవు. దాంతో కంటి మీద ఉండే కన్నీటి పొర ఆరిపోయి మంట, ఇసుక పడ్డట్టు గరగర, దానికి ప్రతిగా కళ్ల నుంచి నీరు కారడం మొదలవుతాయి. మరోవైపు, దగ్గరి వస్తువును చూడటానికి కంటిలోపలి కండరం బిగుసుకుంటుంది. గంటల తరబడి అదే బిగింపులో ఉండిపోతే, తల ఎత్తి బయట బస్సు బోర్డు చదవబోయినప్పుడు అక్షరాలు కుదురుకోవడానికి కొంత సమయం పడుతుంది. మెడ, భుజాల నొప్పులు కూడా చాలావరకు ఈ కూర్చునే తీరుకు సంబంధించినవే.

దీనివల్ల చూపు శాశ్వతంగా పోతుందా?

పెద్దవారిలో తెర పని వల్ల కలిగే ఒత్తిడి చూపును శాశ్వతంగా పోగొడుతుందని చెప్పడానికి ఆధారం లేదు. విశ్రాంతి ఇస్తే తగ్గుతుంది. అయితే ఈ మాట విని కళ్ల పరీక్ష మానేయకూడదు. కొత్తగా సైటు వచ్చినా, ఉన్న అద్దాల పవర్ మారినా, మధుమేహం ఉన్నా, నీటికాసులు (గ్లాకోమా) మొదలైనా, అన్నిటినీ ‘కంప్యూటర్ వల్లనే’ అని సరిపెట్టుకునే అలవాటు ఆఫీసుల్లో బాగా పెరిగింది. అసలు ప్రమాదం అక్కడ ఉంది.

మా ఆఫీసులో పరిస్థితులు మార్చే వీలు మాకు పెద్దగా లేదు. అయినా ఏం చేయగలం?

మీరు అనుకునే దానికంటే ఎక్కువే చేయగలరు. ఎండాకాలంలో నల్గొండ వేడి గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. అందుకే కూలరునో ఏసీనో నేరుగా ముఖానికి పెట్టుకుని కూర్చుంటాము. ఆ గాలికి కన్నీటి పొర ఇంకా త్వరగా ఆరిపోతుంది. గాలి ముఖానికి కాకుండా పక్కకు పోయేలా తిప్పుకోవడం ఒక్క పైసా ఖర్చు లేని పని. తర్వాత తెర సంగతి. తెర కళ్లకు మూరెడు నుంచి మూరన్నర దూరంలో, అంటే సుమారు 50 నుంచి 70 సెంటీమీటర్ల దూరంలో ఉండి, దాని మధ్యభాగం కంటి మట్టానికి నాలుగైదు అంగుళాల కిందికి ఉండాలి. తెర ఎత్తుగా ఉంటే కళ్లు పెద్దవిగా తెరవాల్సి వచ్చి మరింత పొడిబారతాయి. వెనుక కిటికీ వెలుతురు గానీ, నడినెత్తిన ఉన్న ట్యూబ్‌లైటు గానీ తెర మీద మెరుస్తుంటే బల్లను కొంచెం పక్కకు జరపాలి.

పాత పహాణీల (భూమి రికార్డుల) స్కాన్ కాపీలు చూసేవారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వెలిసిపోయిన సిరా, వంకరగా స్కాన్ అయిన పేజీ, సర్వే నంబరు పక్కన ఇరికించి రాసిన విస్తీర్ణం చదవడానికి మనిషి తెలియకుండానే తెర మీదికి వంగిపోతాడు. వంగే బదులు జూమ్ 150 శాతానికి పెంచి, అవసరమైతే పేజీని రెండు భాగాలుగా చూడటం మేలు. పని కాస్త నెమ్మదించినా తప్పులు తగ్గుతాయి.

ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడాలనే నియమాన్ని కంటి వైద్యులు చెబుతుంటారు. కౌంటరు ముందు వరుస నిలబడి ఉన్నప్పుడు గడియారం చూసుకోవడం కుదరదు. అలాంటివారు ఒక్కో దరఖాస్తుదారు పని ముగిసి తర్వాతివారు వచ్చేలోపు వాకిలి వైపు చూసి, నాలుగైదుసార్లు నిండుగా రెప్పలార్పితే అదే ప్రయోజనం చాలావరకు దక్కుతుంది.

‘బ్లూ కట్’ అద్దాలు కొనమని షాపులో చెబుతున్నారు. కొనాలా?

ఒత్తిడి తగ్గుతుందనే కారణంతో మాత్రం కొననక్కర్లేదు. నీలి కాంతిని అడ్డుకునే అద్దాల మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి పరిశీలించిన కాక్రేన్ సమీక్ష 2023లో వెలువడింది. మామూలు అద్దాలతో పోలిస్తే వీటివల్ల కంటి అలసట స్వల్పకాలంలో తగ్గకపోవచ్చని అది తేల్చింది. అమెరికా కంటి వైద్యుల సంఘం కూడా కంప్యూటర్ పని కోసం వీటిని సిఫారసు చేయడం లేదు. ఆ అదనపు డబ్బును సరైన పరీక్షకు, సరైన పవర్‌కు పెట్టడం మంచిది. అర పాయింటు సైటు సరిచేయకుండా వదిలేసినా రోజంతా తెర చూసేవారికి తలనొప్పి రావచ్చు.

నాకు 45 ఏళ్లు. అద్దాలు ఉన్నా మెడ నొప్పి తగ్గడం లేదు. ఎందుకు?

నలభై దాటాక చత్వారం వస్తుంది. రెండు పవర్ల అద్దాల్లో చదివే భాగం కింద ఉంటుంది కాబట్టి, తెర చదవడానికి గడ్డం పైకెత్తి తల వెనక్కి వాల్చాల్సి వస్తుంది. బ్యాంకు కౌంటర్లలో ఈ భంగిమ ఎప్పుడైనా చూడవచ్చు: వేళ్లు కీబోర్డు మీద, గడ్డం ఆకాశం వైపు, ముక్కు చివరికి జారిన అద్దాల కింది అంచులోంచి చూపు. పుస్తకం దూరానికి ఇచ్చిన పవర్ తెర దూరానికి సరిపోదు. పరీక్షకు వెళ్లేముందు మీ కుర్చీ నుంచి తెరకు ఉన్న దూరాన్ని టేపుతో కొలిచి ఆప్టోమెట్రిస్టుకు చెప్పండి. ఆ దూరానికే ప్రత్యేకంగా అద్దాలు ఇస్తారు.

మందుల షాపులో అడిగి చుక్కల మందు వేసుకోవచ్చా?

కళ్లు తడిగా ఉంచే కృత్రిమ కన్నీటి చుక్కలు సాధారణంగా సురక్షితమైనవే. రోజుకు నాలుగుసార్ల కంటే ఎక్కువ వేసుకోవలసి వస్తే ప్రిజర్వేటివ్ లేని రకం కావాలని వైద్యుడిని అడగండి. ఎర్రదనం ఇట్టే తగ్గుతుందని షాపువారు ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు మాత్రం వద్దు. వైద్యుడి పర్యవేక్షణ లేకుండా వాటిని వారాలు, నెలలు వాడితే కంటిలోపలి ద్రవం ఒత్తిడి పెరిగి నీటికాసులు, కొందరిలో శుక్లాలు రావచ్చు. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

ఏ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు?

ఒక్కసారిగా చూపు తగ్గడం, మెరుపులు కనిపించడం, నల్లచుక్కల వాన కురిసినట్టు ఉండటం, ఒక పక్క తెర దించినట్టు చీకటి కమ్మడం, తీవ్రమైన కంటి నొప్పితో వాంతులు, ఒకటి రెండుగా కనిపించడం, వీటిలో ఏది వచ్చినా అది కంప్యూటర్ ఒత్తిడే అనుకోకూడదు. ఆ రోజే వైద్యుడిని చూడాలి. నల్గొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేటలలో ప్రభుత్వ వైద్య కళాశాలలకు అనుబంధంగా ఆసుపత్రులు ఉన్నాయి. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు నాగర్‌కర్నూల్ దగ్గరి తూడుకుర్తిలో కేంద్రం ఉంది.

అసలు ప్రశ్న: నా ప్రైవేటు ఆరోగ్య పాలసీ కంటి ఒత్తిడి చికిత్సకు డబ్బు ఇస్తుందా?

మామూలు పాలసీ ఇవ్వదు. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరడానికి, ఒకరోజులోనే ముగిసే డే-కేర్ చికిత్సలకు ఉద్దేశించినవి. కంటి ఒత్తిడితో ఎవరూ ఆసుపత్రిలో చేరరు. వైద్యుడి ఫీజు, చుక్కల మందు, అద్దాలు అన్నీ ఓపీ ఖర్చులే, అంటే ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం ఖర్చులే. కేవలం పరీక్షల కోసం చేరినా, పాలసీల్లోని ప్రామాణిక మినహాయింపుల కింద ఆ ఖర్చు రాదు. కళ్లద్దాలు, కాంటాక్ట్ లెన్సులు కూడా మామూలు పాలసీల్లో రావు. ఏజెంటు నోటిమాటగా ‘అన్నీ వస్తాయి సార్’ అన్నా, పాలసీ పత్రంలోనూ, దాని సారాంశంగా తప్పనిసరిగా ఇవ్వవలసిన కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్‌లో రాసి ఉన్నదే లెక్క. పాలసీ చేతికి వచ్చాక 30 రోజుల ఫ్రీ-లుక్ గడువు ఉంటుంది. ఆ గడువులో ఆ పత్రాలు చదివి, నచ్చకపోతే పాలసీ వెనక్కి ఇచ్చేయవచ్చు.

ఓపీడీ రైడర్ తీసుకుంటే లాభమా?

రైడర్ అంటే అదనపు ప్రీమియం కట్టి మూల పాలసీకి జత చేసుకునే సదుపాయం. లాభమో కాదో లెక్క వేసి చూడాలి. ఉదాహరణకు ఒక రైడర్ ఏడాదికి 5,000 రూపాయల వరకు ఓపీ ఖర్చు ఇస్తుందని, దానికి అదనపు ప్రీమియం 3,500 రూపాయలని అనుకుందాం. మీ కంటి ఖర్చు డాక్టరు ఫీజు 400, చుక్కల మందు 350, అద్దాలు 2,500 కలిపి 3,250 రూపాయలు. ఇక్కడే మీరు 250 రూపాయలు నష్టపోయారు. పైగా కొన్ని రైడర్లలో అద్దాలు అసలే రావు, కొన్నింటిలో రెండేళ్లకు ఒకసారే వస్తాయి, కొన్నింటిలో వారి యాప్‌లో నమోదైన క్లినిక్‌కే వెళ్లాలి. ఆ క్లినిక్ హైదరాబాద్‌లో ఉండి మీరు మిర్యాలగూడలో ఉంటే బస్సు చార్జీ, ఒకరోజు సెలవు కూడా లెక్కలోకి వస్తాయి. ఇంట్లో దంతాల చికిత్స, బీపీ, షుగర్ వంటి ఓపీ ఖర్చులు కూడా ఉన్న కుటుంబానికి రైడర్ పనికిరావచ్చు. కళ్ల ఒత్తిడి ఒక్కదాని కోసమైతే వద్దనే మా సలహా. ఆ 3,500తో మూల పాలసీ బీమా మొత్తాన్ని పెంచుకోవడం మేలు.

మా కంపెనీ గ్రూప్ పాలసీ ఇచ్చింది. అందులో కళ్లకు ఏమైనా ఉంటుందా?

ఉండవచ్చు, లేకపోవచ్చు. అది మీ యాజమాన్యం కుదుర్చుకున్న ఒప్పందం మీద ఆధారపడి ఉంటుంది. హెచ్.ఆర్. విభాగాన్ని మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ఏడాదికొకసారి కంటి పరీక్ష ఉందా, ఓపీ కింద అద్దాల బిల్లు ఇస్తారా, ఇస్తే ఏ తేదీలోపు బిల్లు పెట్టాలి. బిల్లు మీద మీ పేరు, తేదీ, షాపు జీఎస్టీ నంబరు ఉండాలి. చీటీ మీద వైద్యుడి రిజిస్ట్రేషన్ నంబరు, రెండు కళ్ల పవర్ వేర్వేరుగా ఉండాలి. ‘అద్దాలు, ఒకటి’ అని తెల్లకాగితం మీద రాసిచ్చిన రసీదు ఎక్కడా చెల్లదు.

ఉద్యోగం మానితే గ్రూప్ పాలసీ కూడా పోతుంది. అందుకే కనీసం ఒక చిన్న వ్యక్తిగత పాలసీ వేరుగా పెట్టుకోవడం అవసరం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు.

అద్దాలు వదిలించుకోవడానికి లేసిక్ చేయించుకుంటే బీమా వస్తుందా?

లేసిక్ అంటే లేజర్‌తో సైటు సరిచేసే ఆపరేషన్. పవర్ 7.5 డయాప్టర్ల (పాయింట్ల) కంటే తక్కువ ఉంటే దానికి బీమా రాదు. ఇది ఏ ఒక్క కంపెనీ పెట్టిన షరతు కాదు, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణికం చేసిన మినహాయింపు. పాలసీ పత్రంలో ‘ఎక్స్‌క్లూజన్ 15’ అనే కోడ్ దగ్గర ఈ వాక్యం కనిపిస్తుంది. 7.5, అంతకంటే ఎక్కువ ఉన్నవారు వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక క్లెయిమ్‌కు ఆగవలసిన కాలం), మిగతా షరతులు చూసుకుని, ఆపరేషన్‌కు ముందే కంపెనీ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. తెర ఒత్తిడి తగ్గుతుందని లేసిక్ చేయించుకోవడం మాత్రం సరికాదు. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు కళ్లు ఇంకా పొడిబారడం సర్వసాధారణం.

మరి కళ్లకు సంబంధించి బీమా దేనికి పనికొస్తుంది?

శుక్లాల ఆపరేషన్, నీటికాసుల శస్త్రచికిత్స, రెటీనా (కంటి వెనుక పొర) ఊడిపోతే చేసే ఆపరేషన్, కంటికి తగిలిన దెబ్బలు, మధుమేహం వల్ల రెటీనా దెబ్బతింటే కంటిలోకి ఇచ్చే ఇంజెక్షన్లు, వీటి కోసమే పాలసీ ఉండాలి. ఈ ఇంజెక్షన్లను పాలసీలు పూర్తిగా తోసిపుచ్చకూడదని ఐఆర్‌డీఏఐ ఆధునిక చికిత్సల జాబితాలో చేర్చింది. పరిమితి పెట్టే వీలు మాత్రం కంపెనీలకు ఉంది. శుక్లాలకు సాధారణంగా రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్, ఒక్కో కంటికి ఇంత అనే పరిమితి ఉంటాయి. ముందునుంచే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ 36 నెలలకు మించకూడదని 2024లో నియమం వచ్చింది.

మన జిల్లాలవారు తప్పక తెలుసుకోవలసిన ఇంకొక విషయం ఉంది. స్థానిక సంస్థల వద్ద నమోదు కాని ఆసుపత్రి అయితే, పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లలో కనీసం 10 పడకలు ఉంటేనే పాలసీ నిర్వచనం ప్రకారం దాన్ని ఆసుపత్రిగా లెక్కిస్తారు. చిన్న కంటి ఆసుపత్రుల్లో అన్ని పడకలు ఉండకపోవచ్చు. అయితే ఆపరేషన్ థియేటర్, అర్హులైన వైద్యుడు, నర్సులు, రోజువారీ రికార్డులు ఉంటే అది డే-కేర్ కేంద్రంగా అర్హత పొందవచ్చు. ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందే ఆసుపత్రి రిజిస్ట్రేషన్ నంబరు తీసుకుని కంపెనీకి పంపి అడగండి. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలోనైనా క్యాష్‌లెస్ (కంపెనీయే ఆసుపత్రికి నేరుగా చెల్లించే సదుపాయం) కావాలంటే, ముందే అనుకున్న చికిత్సకు కనీసం 48 గంటల ముందు తెలియజేయాలి.

ప్రపోజల్ ఫారంలో కళ్ల సంగతి రాయాలా?

పాలసీ కోసం నింపే ఈ దరఖాస్తు అడిగిన ప్రతిదానికీ నిజం రాయాలి. సాయంత్రం కళ్లు అలసిపోతాయన్నది జబ్బు కాదు. కానీ గత 36 నెలల్లో వైద్యుడు పొడి కళ్లనో, నీటికాసులనో, మధుమేహమనో నిర్ధారించి ఉంటే దాచకూడదు. ఏజెంటు తానే నింపి సంతకం పెట్టమంటే, చదివాకే పెట్టండి. పాలసీ అంతరాయం లేకుండా 60 నెలలు నడిచాక, రుజువైన మోసం ఉంటే తప్ప, వివరాలు చెప్పలేదనే కారణంతో క్లెయిమ్ ఆపలేరు. ఆ అయిదేళ్లలోపు మాత్రం దాచిన ఒక్క విషయం మొత్తం కుటుంబ పాలసీని ప్రమాదంలో పడేస్తుంది.

ఈఎస్ఐ, ఆరోగ్యశ్రీ, కంటి వెలుగు ఉండగా ప్రైవేటు బీమా ఎందుకు?

వీటి పరిధులు వేరు. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి మీ సంస్థ ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కిందికి వస్తే, జీతంలోంచి 0.75 శాతం ఇప్పటికే కోత పడుతోంది. దానికి బదులుగా ఓపీ వైద్యం కూడా అందుతుంది. కంటి ఒత్తిడికి ప్రైవేటు పాలసీ ఇవ్వనిది ఈఎస్ఐ డిస్పెన్సరీ ఇస్తుంది, అయినా వెళ్లి చూపించుకునేవారు తక్కువ. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. అది అర్హత ఉన్న కుటుంబాలకు, జాబితాలోని చికిత్సలకు వర్తిస్తుంది. 2018 ఆగస్టు 15న మొదలై, 2023 జనవరి నుంచి రెండో విడత జరిగిన కంటి వెలుగు శిబిరాల్లో ఉచితంగా అద్దాలు తీసుకున్నవారు చాలామంది ఉన్నారు. అప్పటి పవర్ ఇప్పటికీ సరిపోతుందని అనుకోకుండా మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.

పన్ను మినహాయింపు ఉంటుందా?

పాత పన్ను విధానంలో ఉన్నవారికి, 60 ఏళ్ల లోపువారైతే, ప్రీమియం మీద 25,000 రూపాయల వరకు ఉంటుంది. ముందస్తు ఆరోగ్య పరీక్షల ఖర్చు 5,000 వరకు అందులోనే కలుస్తుంది. కొత్త విధానంలో ఉండదు.

క్లెయిమ్ తిరస్కరిస్తే ఎక్కడికి వెళ్లాలి?

ముందు తిరస్కరణ ఉత్తరంలో ఏ షరతు ప్రకారం అన్నది ఉందో లేదో చూడండి. 2024 మే నాటి ఐఆర్‌డీఏఐ ఆదేశాల ప్రకారం, క్లెయిముల సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా కంపెనీ క్లెయిమ్‌ను తిరస్కరించకూడదు, ఏ నిబంధన కింద తిరస్కరించిందో చెప్పాలి. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాయండి. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255 నంబరుకు గానీ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నెలరోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా వివాదాలు పరిష్కరించే అధికారికి) ఏడాదిలోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 50 లక్షల రూపాయల వరకు వివాదాలను అక్కడ వింటారు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. మీ పాలసీ, వైద్యుడి చీటీలు, బిల్లులు, తిరస్కరణ ఉత్తరం, మీరు రాసిన ఫిర్యాదు ప్రతి, ఈ అయిదూ తేదీల వరుసలో జత చేస్తే చాలు. కంటి ఒత్తిడి అద్దాల బిల్లు కోసం అంత దూరం వెళ్లనక్కర్లేదు గానీ, శుక్లాల ఆపరేషన్ డబ్బును వెయిటింగ్ పీరియడ్ దాటాక కూడా ఆపితే తప్పకుండా వెళ్లండి.